తెర మీది చదువుకు తూనిక ఏది?

విద్యారంగంలోకి ఏ కొత్త సాధనం వచ్చినా మన దేశంలో మొదట సంబరం జరుగుతుంది. తరువాత లెక్కలు ప్రకటిస్తారు. ఆ సాధనం వల్ల పిల్లవాడికి ఒక్క అక్షరమైనా అదనంగా వచ్చిందా అన్న ప్రశ్న అన్నిటికంటె చివర వస్తుంది. కొన్నిసార్లు రానే రాదు. ఇంటర్నెట్ ద్వారా చదువు చెప్పే వేదికల విషయంలోనూ జరుగుతున్నది ఇదే. ఈ వేదికల నాణ్యతను ఎలా నిర్ణయించాలి, అందుకు మన విద్యా సంప్రదాయంలో గీటురాయి ఏమైనా ఉన్నదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేదికలు తమను గురించి తాము చెప్పుకునే మాటలను ముందుగా చూద్దాం. ఇన్ని వేల పాఠ్యక్రమాలు ఉన్నాయంటారు, ఇన్ని లక్షల మంది చేరారంటారు, ఇన్ని నక్షత్రాలు వచ్చాయంటారు. ఇవన్నీ అంగడి లెక్కలే. చేరడం వేరు, చదవడం వేరు. హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థలు 2012లో ఎడెక్స్ అనే వేదికను నెలకొల్పాయి. అందులో తమ పాఠాలకు 2018 వరకు చేరినవారి వివరాలను ఆ సంస్థల పరిశోధకులే పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. చేరినవారిలో సగానికి పైగా పాఠం తెరిచి చూడనే లేదు. 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవారు నూటికి సుమారు ముగ్గురు. ప్రపంచంలో పేరెన్నికగన్న ఆచార్యులు ఉచితంగా చెప్పిన పాఠాల గతే ఇది అయినప్పుడు, చేరినవారి సంఖ్యను నాణ్యతకు నిదర్శనంగా చూపడం ఎంత నిరర్థకమో వేరుగా చెప్పనక్కరలేదు.

ధర్మవరంలో చీర కొనవచ్చిన అనుభవజ్ఞులు దుకాణం వెలుగులో కొంగు మెరుపు చూసి ధర నిర్ణయించరు. చీర తిరగేసి వెనుకవైపు నేత చూస్తారు. విద్యావేదికనూ అలాగే తిరగేసి చూడాలి.

పాత అనుభవం

దూరాన ఉన్న గురువు యంత్రం ద్వారా చదువు చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఒక ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు దూరదర్శన్ పాఠాలు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కార్యక్రమాలు తయారయ్యాయి. 1982లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. అంబేద్కర్ పేరుతో నేడు మనకు తెలిసిన ఈ సంస్థ పుస్తకాన్ని ఇంటికి పంపి, అధ్యయన కేంద్రంలో అధ్యాపకుని ఎదుట కూర్చునే అవకాశం కూడా కల్పించింది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదటినుంచీ దూరవిద్యను తన బాధ్యతగా స్వీకరించింది. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ కలిసి ఎన్‌పీటెల్ ఆరంభించాయి. 2017లో స్వయం, దీక్ష వేదికలు వచ్చాయి. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు సప్తగిరి ఛానల్‌లో విద్యామృతం, విద్యావారధి పాఠాలు ప్రసారమయ్యాయి.

ఈ వరుసలో ఒక సంగతి గమనించదగినది. ప్రతిసారీ మన చర్చంతా సాధనం చుట్టూ తిరిగింది. ఉపగ్రహమా, రేడియోనా, ట్యాబా అని వాదించుకున్నాము. 1983లో రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ విద్యావేత్త అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ సమీక్షించి, సాధనం కేవలం వాహనమనీ, నేర్పేది అందులోని బోధనా పద్ధతి అనీ వాదించాడు. ధాన్యం నాణ్యతను లారీ రంగును బట్టి చెప్పలేము కదా! ఆయనతో విభేదించినవారు ఉన్నారు. అయినా ఆ హెచ్చరిక నేటికీ విలువైనదే.

మన తూనిక

సుమారు ఎనిమిది వందల ఏండ్ల క్రితం బుర్హానుద్దీన్ అల్ జర్నూజీ విద్యార్థుల కోసం తాలీముల్ ముతఅల్లిమ్ అనే చిన్న గ్రంథం రచించారు. మదరసాలలో చదివినవారికి అది సుపరిచితం. నేర్చుకునేవాడు ఎలా నేర్చుకోవాలన్నదే అందులోని విషయం. ఆ గ్రంథం నుంచీ, మదరసాల ఆచారం నుంచీ, ఆధునిక పరిశోధన నుంచీ ఆరు ప్రశ్నలు తీసుకొని నేటి వేదికలను పరీక్షిద్దాం.

మొదటిది: గురువు ఎవరు? గురువును ఎంచుకోవడంలో తొందర కూడదనీ, కొత్త పట్టణం చేరిన విద్యార్థి రెండు నెలలైనా ఆలోచించి ఆ తరువాతనే ఒకరి వద్ద కూర్చోవాలనీ జర్నూజీ సలహా. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఎంతో ఆలోచించిన మీదట కూఫాలో హమ్మాద్‌ను ఎంచుకొని, ఆయన మరణించేవరకు ఆయన్ను వదలలేదు. సనద్ అనే మాటకు అర్థం ఇదే: ఈ విద్య ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పేర్లతో చెప్పగలగడం. ఈ ప్రశ్నకు స్వయం, ఎన్‌పీటెల్ చక్కగా నిలుస్తాయి. పాఠం చెప్పే ఆచార్యుని పేరు, ఆయన సంస్థ, పాఠ్య ప్రణాళిక మొదటి పుటలోనే కనబడతాయి. వాణిజ్య వేదికలలో తెర మీద మాట్లాడే మనిషి ఒకరు, పాఠం రాసిన వారు వేరొకరు కావడం సాధారణం. నేడు కృత్రిమ మేధ గొంతు, ముఖం కూడా తయారుచేసి ఇస్తున్నది. పేరు లేని పాఠంలో తప్పు దొర్లితే జవాబుదారీ ఎవరు?

రెండవది: పాఠం ఎంత, పునశ్చరణ ఎంత? మొదట్లో పాఠం రెండుసార్లు చదివితే పట్టుబడేంత చిన్నదిగా ఉండాలనీ, క్రమంగా పెంచాలనీ జర్నూజీ చెప్పారు. అంతేకాదు, నిన్నటి పాఠం అయిదు సార్లు, మొన్నటిది నాలుగు సార్లు, దానికి ముందుది మూడు సార్లు, ఇలా తగ్గించుకుంటూ వల్లె వేయాలని లెక్క కూడా ఇచ్చారు. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ మరపును కొలిచి, ఎడమిచ్చి చేసే పునశ్చరణ ఒకేసారి చేసే వల్లెకంటె మేలని నిరూపించాడు. ఇద్దరి మాటా ఒకే దిక్కుకు పోతున్నది. కాగా నేటి పలు వేదికలు పాఠాన్ని చిన్నవి చేయడం నేర్చుకున్నాయి గాని, వెనక్కి తీసుకుపోవడం నేర్చుకోలేదు. ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. సినిమా చూపడానికి ఇది మంచి పద్ధతే. చదువుకు మాత్రం ఇది శత్రువు. వేదికను పరీక్షించేవారు అడగవలసిన మాట ఒక్కటి: పది రోజుల క్రితపు పాఠాన్ని ఇది పిల్లవాని చేత మళ్లీ చెప్పిస్తున్నదా?

మూడవది: ప్రశ్నకు చోటు ఉన్నదా? ఒక గడియ చర్చ నెలరోజుల వల్లెకంటె మేలన్న భావం జర్నూజీ గ్రంథంలో కనబడుతుంది. మదరసాలలో పాఠం ముగిశాక విద్యార్థులు గుంపుగా కూర్చొని, వారిలో ఒకరు పాఠాన్ని తిరిగి చెప్పగా తక్కినవారు ప్రశ్నించడాన్ని తక్రార్ అంటారు. తెలుగులో 'తకరారు' అంటే తగాదా అని అర్థం స్థిరపడిపోయింది. మంచి తగాదా లేనిదే పాఠం తలకెక్కదని మన భాష తెలియకనే చెబుతున్నది! స్వయం వేదికలో వీడియో, చదువవలసిన సామగ్రి, స్వీయపరీక్ష, చర్చావేదిక అని నాలుగు భాగాలు ఉండాలన్నది నియమం. చర్చకు నాలుగవ భాగం ఇవ్వడం మెచ్చదగినది. అయితే వేలమంది చేరిన పాఠంలో ఒక విద్యార్థి సందేహం ఎంత దూరం పోతుంది? ట్యాబులో ముందే నింపి ఇచ్చిన పాఠానికి ఆ మాత్రం చెవి కూడా లేదు. అక్కడ పక్కనున్న ఉపాధ్యాయుడే చర్చావేదిక; ఆయన లేకుంటే పాఠం ఏకపాత్రాభినయమే.

నాల్గవది: భాష ఏది? అనువాదకునిగా ఈ ప్రశ్న నాకు మరింత దగ్గరిది. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడింది. అందులోని హిందూపురం కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్న పట్టణం. అక్కడ ఒకే పిల్లవాడు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడడం వింత కాదు. బడి పుస్తకంలో ఇంగ్లీషు ఉంటుంది. ఇక వేదిక ఏ భాషలో మాట్లాడాలి? ఎన్‌పీటెల్ పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి తెస్తున్నారు, అందుకు యంత్రం సహాయం కూడా తీసుకుంటున్నారు. ప్రయత్నం మంచిదే. కాని 'పవర్' అన్న ఒక్క మాట చూడండి. గణితంలో అది ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, పౌరశాస్త్రంలో అధికారం, వీధిలో కరెంటు. సందర్భం తెలియని అనువాదం గణితపు పాఠంలోకి అధికారాన్ని తెచ్చిపెడితే పిల్లవాడు తన బుద్ధినే శంకించుకుంటాడు గాని పాఠాన్ని శంకించడు. ఇదే అసలైన హాని.

1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుత్తర్జుమా స్థాపించినప్పుడు ఒక్కొక్క పారిభాషిక పదంపై శాస్త్రజ్ఞులూ భాషావేత్తలూ కలిసి కూర్చొని చర్చించేవారు. ఆ పదాలలో కొన్ని బరువైనవని తరువాతివారు విమర్శించారు. విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ఒక పదం పిల్లల ముందుకు పోయేముందు పదిమంది పెద్దల పరిశీలనకు నిలవాలన్న ఆ పద్ధతి నేటి వేదికలకు ఆదర్శం కావలసినది. హిందూపురం, కదిరి ఉర్దూ మాధ్యమ బడుల పిల్లలకు త్రిభుజం 'ముసల్లస్'గా పరిచయం. వేదికలో ఆ మాట లేకుంటే వారికి గణితంతో పాటు మరో భాష పరీక్ష కూడా పెట్టినట్లే.

శబ్దం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఖుర్ఆన్ పఠనం దూరం నుంచి నేర్పే వేదికలు నేడు అనేకం ఉన్నాయి. పాత టెలిఫోను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ మధ్యనున్న ధ్వనులనే మోసేది. 'సీన్', 'సే' అక్షరాల భేదంలో ముఖ్యభాగం అంతకు పైన ఉంటుంది. నేటి సాధనాలు ఇంతకంటె మేలైనవే. అయినా సిగ్నలు బలహీనమైనప్పుడు, చప్పుడు అణచే యంత్రాంగం పనిచేస్తున్నప్పుడు ఆ సన్నని భేదాలే మొదట పోతాయి. గురువుకు వినబడని తప్పును గురువు దిద్దలేడు. కనుక ఇటువంటి వేదికను పరీక్షించేటప్పుడు పాఠ్యపుస్తకాన్ని చూడడానికి ముందు ధ్వనిని పరీక్షించాలి.

అయిదవది: సాక్ష్యం ఎటువంటిది? ఇజాజత్ పత్రంలో ఫలానా విద్యార్థి ఫలానా గ్రంథాన్ని నా వద్ద చదివాడని గురువు తన పేరుతో సాక్ష్యమిస్తాడు. నేడు వీడియో చివరివరకు నడిస్తే చాలు పత్రం ముద్రించి ఇచ్చే వేదికలు ఉన్నాయి. అది హాజరుపట్టీ మాత్రమే. ఎన్‌పీటెల్ ఈ విషయంలో గౌరవింపదగినది. పాఠం ఉచితం. పత్రం కోరేవారు రుసుము చెల్లించి, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి. వారపు అభ్యాసాలకు 25 శాతం, పరీక్షకు 75 శాతం విలువ. రెండింటిలోనూ కనీస మార్కులు రావాలి. స్వయం ద్వారా చదివిన పాఠాలకు డిగ్రీలో 40 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వవచ్చునని 2021లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం నియమం చేసింది. డిగ్రీలో ఇంత భాగం తెరకు అప్పగించినప్పుడు, పరీక్ష ఎంత కఠినమన్నది కళాశాలల పరువుకు సంబంధించిన విషయమవుతుంది.

ఆరవది: అమానత్. పిల్లల వివరాలు, వారి కాలం మన చేతిలో అమానత్ వంటివి. 2022 మేలో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశాలలోని 164 విద్యావేదికలను పరిశీలించి, వాటిలో అత్యధిక భాగం పిల్లల సమాచారం విషయంలో వారి హక్కులకు ముప్పు కలిగించాయని తెలిపింది. ఆ పరిశీలనలో దీక్ష కూడా ఉన్నది. 2023 జనవరిలో దీక్షకు చెందిన లక్షలాది ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరాలు రక్షణ లేకుండా బయటపడి ఉన్నట్లు వార్త వెలువడింది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. సమ్మతి అడిగే ఆ పుట ఏ భాషలో ఉంటుందన్నది మళ్లీ మన నాల్గవ ప్రశ్నే.

వేదిక ఆయుష్షు కూడా అమానత్‌లో భాగమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకున్నది. ఆ డిసెంబరులోనే ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఆ పాఠాలతో 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబులు పంపిణీ అయ్యాయి. పాఠాలు ఉచితం, ట్యాబుల విలువ 686 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకోగా, దాని యాజమాన్య సంస్థ టూయూ అదే జూలైలో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఒక ప్రభుత్వాన్నో, ఒక సంస్థనో తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒప్పందానికీ పంపకానికీ మధ్య ఆరు నెలలు; ఆరు నెలల్లో ఒక విద్యాసంవత్సరం కూడా పూర్తికాదు. పాఠం పిల్లలకు పట్టుబడినదో లేదో తెలుసుకునేందుకు ఒక పంట కాలమైనా వేచి ఉండని తొందర ఎవరి హయాంలో జరిగినా తొందరే.

ఆక్షేపణలు

ఇందుకు రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది, పాత కొలతతో కొత్త వస్తువును కొలుస్తున్నారన్నది. పాత చదువుకు లోపాలు లేవని ఎవరూ అనరు. గురువును వెదుకుతూ ఊళ్లు దాటగలిగినవారికే అది దక్కింది. ఎంతోమంది ఆడపిల్లలకు ఆ దారి మూసి ఉన్నది. అర్థం తెలియని వల్లెతోనే ఏండ్లు గడచిన విద్యార్థులు కూడా ఉన్నారు. పెనుకొండలోనో, ధర్మవరం మగ్గాల వీధిలోనో ఇల్లు కదలలేని అమ్మాయికి ఐ.ఐ.టి. ఆచార్యుని పాఠం అందుతున్నదంటే అది సామాన్యమైన మేలు కాదు. అందుకే ఈ వేదికలను తిరస్కరించడం కాక, తూచడం అవసరమంటున్నాను. అంత దూరం నుంచి చేరిన పాఠం కల్తీది కారాదు.

రెండవది, చదువును కొలవడం సాధ్యమా అన్నది. సాధ్యమేనని రెండు ఉదాహరణలు చెబుతున్నాయి. పెరూ దేశంలో బడిపిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క లాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని పరిశోధకులు పరిశీలించి, గణితంలో గాని భాషలో గాని మెరుగుదల కనబడలేదని 2012లో తెలిపారు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమాన్ని కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. నాలుగున్నర నెలలలో గణితంలోనూ హిందీలోనూ స్పష్టమైన లాభం కనబడింది. పెరూలో యంత్రం ఇచ్చారు. ఢిల్లీలో పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడని కాక, నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో తెలుసుకొని అక్కడినుంచి పాఠం ఇచ్చారు. తోడుగా చిన్న గుంపులకు బోధకుడు కూడా ఉన్నాడు. తేడా యంత్రంలో లేదు, పద్ధతిలో ఉన్నది.

మనం చేయదగినది

ఈ ఆరు ప్రశ్నల మీద నా నిర్ణయం ఇది. గురువు, సాక్ష్యం అనే రెంటిలో ఎన్‌పీటెల్ మేటి. ప్రశ్న, భాష అనే రెంటిలో బలహీనం. పాఠ్యపుస్తకంలోని గుర్తు నుంచే పాఠం తెరుచుకునే దీక్ష పద్ధతి బడికి దగ్గరగా ఉన్నందువల్ల మేలైనది. అమానత్ విషయంలో అది తన పేరు నిలబెట్టుకోవలసి ఉన్నది. ఉపాధ్యాయుని తోడు లేక పిల్లల చేతికి ఇచ్చిన ట్యాబు, అందులో పాఠం ఎంత అందంగా ఉన్నా, సగం చదువే. పుట్టపర్తి నుంచే 2010లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి విద్యావాహిని బోధనా సామగ్రిని గ్రామీణ పాఠశాలల ఉపాధ్యాయుల చేతికి అందించే మార్గం పట్టింది. ఎవరు నడిపినా ఈ దారి సరైనదని నా అభిప్రాయం. తెర గురువు చేతిలో ఉండాలి, గురువు స్థానంలో కాదు.

ఈ పరీక్షకు పెద్ద సంస్థలే అక్కరలేదు. హిందూపురంలోనో కదిరిలోనో ఒక బడి ఒక పాఠాన్ని ఎంచుకోవచ్చు. పాఠానికి ముందు పదిహేను ప్రశ్నలు, ముగిశాక అవే తరహాలో మరి పదిహేను, నెల గడచాక మళ్లీ పదిహేను అడగవచ్చు. సగంమందికి వేదిక పాఠం, సగంమందికి ఉపాధ్యాయుని పాఠం చెప్పి పోల్చవచ్చు. ఉర్దూ పిల్లలు ఏ పదం దగ్గర ఆగిపోయారో, తెలుగు పిల్లలు ఎక్కడ ఆగిపోయారో వేరువేరుగా రాసుకోవచ్చు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది అన్న చేతికి పోయిందా, చెల్లి చేతికి వచ్చిందా అన్నది కూడా రాసుకోవాలి. నెల తరువాతి పరీక్షే అన్నిటికంటె ముఖ్యం. పాఠం ముగిసిన రోజు అందరికీ అంతా తెలిసినట్లే ఉంటుంది.

ఇటువంటి పట్టికలు పది బడుల నుంచి వచ్చిన నాడు వేదికలు ప్రకటించే లక్షల సంఖ్యలకు మన వద్ద జవాబు ఉంటుంది. అంతవరకు చేయగలిగినది, కొనేముందు తిరగేసి చూడడం. తూచకుండా పుచ్చుకున్న చదువు ఉచితమైనా ఖరీదైనదే. దాని ధర పిల్లవాడి వయసులో నుంచి చెల్లుతుంది, ఆ వయసు తిరిగి రాదు.